హసర్మావెతు వంశస్థులు మన పొరుగున

పాఠ భాగము: ఆదికాండము 10:21–30



కుటుంబ ప్రార్థనలో ఆదికాండమును వరుసగా చదువు ఇండ్లలో పదవ అధ్యాయము వచ్చిన దినమున ఏమి జరుగునో మనకందరికిని తెలిసినదే. చదువుచున్న పిల్లవాడు పేర్ల దగ్గర తడబడును. పెద్దలు జాలిపడి, "పోనిమ్ము, పదకొండవ అధ్యాయము తీయుము" అందురు. అట్లు దాటవేయబడు పేర్లలో హసర్మావెతు ఒకటి. షేము సంతతివాడైన ఏబెరునకు ఇద్దరు కుమారులు, పెలెగు, యొక్తాను. యొక్తానునకు పదుముగ్గురు కుమారులు. వారిలో మూడవవాడు హసర్మావెతు. వాక్యము అతని గూర్చి ఇంకొక మాట చెప్పక ముందుకు పోవును.

ఈ మాసము ఆ ఒక్క పేరునే పాఠముగా తీసికొనుచున్నాము. ఏలయనగా అది చచ్చిపోయిన పేరు కాదు. కల్వకుర్తి, ఆమనగల్లు వైపునుండి శ్రీశైలము రోడ్డున బస్సులో హైదరాబాదు వచ్చువారు పహాడీ షరీఫ్ గుట్టను, జల్‌పల్లి ప్రాంతమును దాటి, చాంద్రాయణగుట్ట చేరకముందు ఒక బస్తీ గుండా పోవుదురు. దాని పేరు బార్కస్. అక్కడి కుటుంబములలో అనేకము హసర్మావెతు పేరుగల దేశమునుండి వచ్చినవారివే. మన సంఘములవారు ఆస్పత్రికో, కచ్చేరికో, పిల్లల చదువులకో పట్నము పోవుచు ఎన్నిసార్లు ఆ బస్తీని దాటియుందురో లెక్కలేదు.

మొదట ఆ దేశమెక్కడనో చూతము. అరేబియా దక్షిణపు అంచున, యెమెను దేశములో, హద్రమౌత్ అను విశాలమైన ప్రాంతము గలదు. హెబ్రీ భాషలోని హసర్మావెతు, అరబ్బీలోని హద్రమౌత్ ఒకే పేరని పండితులు ఒప్పుకొనుచున్నారు. హెబ్రీ మాటను విడదీసి చూచినచో "మృత్యువుయొక్క ఆవరణము" అను అర్థము వచ్చును. ఇటువంటి భయంకరమైన పేరు ఏల వచ్చెనో గాని, అచ్చటి ఎండను, వర్షములేమిని ఎరిగినవారికి అది అంత ఆశ్చర్యము కాదు. 30వ వచనములో యొక్తాను కుమారుల నివాసము తూర్పు కొండలవైపున ఉన్నట్లు వ్రాయబడియున్నది. హద్రమౌత్ నిజముగా కొండసీమయే. సముద్రపు ఒడ్డునుండి లోనికి పోగా, బోడి రాతి పీఠభూమి కొన్ని దినముల ప్రయాణమంత విస్తరించియుండును. ఆ పీఠభూమిని కత్తితో కోసినట్లు చీల్చుకొని ఒక పెద్ద లోయ తూర్పునకు పోవును. ఏటికొకటి రెండుసార్లు వాన పడినప్పుడు వచ్చు వరదనీటిని మడులకు మళ్లించుకొని, ఖర్జూరపు చెట్లు, జొన్నలు పెంచుకొని, ఆ లోయలోనే జనులు బ్రదుకుచున్నారు. అక్కడ సిద్రు అను చెట్టు గలదు. అది మన రేగుచెట్టుకు దగ్గరి చుట్టము. దాని పూలనుండి తేనెటీగలు కూర్చు తేనె అరబ్బు దేశములన్నిటిలోను బహు ఖరీదైనది. రేగుముండ్లు గీచుకొని పెరిగిన మనకు ఈ చుట్టరికము సంతోషమే.

హసర్మావెతు సహోదరుల పేర్లలో షేబ, ఓఫీరు అనువి మనకు బాగుగా తెలిసినవి. షేబ దేశపు రాణి సొలొమోనునొద్దకు సుగంధద్రవ్యములు తెచ్చిన సంగతి 1 రాజులు 10వ అధ్యాయములో ఉన్నది. ఆ కాలమున లోకమునకు కావలసిన సాంబ్రాణి చాలవరకు హద్రమౌత్, దాని తూర్పుననున్న ధోఫారు, ఎదుటి ఆఫ్రికా తీరము, ఈ మూడు చోట్లనుండియే వచ్చెడిది. చెట్టు బెరడును గీచి, కారిన పాలు గట్టిపడిన తరువాత గోకి తీసెడివారు. దానిని ఒంటెలపై హద్రమౌత్ రాజుల పట్టణమైన షబ్వాకు చేర్చి, అక్కడ పన్ను చెల్లించి, పిమ్మట ఉత్తరమునకు గాజావరకు తీసికొనిపోయెడివారు. జ్ఞానులు బేత్లెహేమునకు తెచ్చిన సాంబ్రాణి ఏ చెట్టుదో ఎవరును చెప్పజాలరు గాని, అది ఆ ప్రదేశములలోని చెట్లది అయియుండుటకే అవకాశమెక్కువ. తరువాతి శతాబ్దములలో ఆ వ్యాపారము క్షీణించెను, షబ్వా పాడుపడెను.

షబ్వా పడిపోయిన తరువాత లోయలో పెద్దదైన ఊరు షిబాము. ఇది చిన్న పట్టణమే. చుట్టు గోడ, లోపల ఇరుకు సందులు. అయితే దానివంటి ఊరు లోకములో మరియొకటి లేదు. ఏలయనగా అక్కడి ఇండ్లు ఉత్త మట్టితో కట్టినవి, అయినను ఐదు, ఆరు, ఏడు అంతస్తులు లేచియుండును. ఇప్పుడున్న ఇండ్లలో అధికభాగము 16వ శతాబ్దపు వరద తరువాత కట్టబడినవి. ఖర్జూరపు తోటలలోని మట్టిని గడ్డితో కలిపి త్రొక్కి, అచ్చులలో పోసి, ఎండలో ఆరబెట్టిన ఇటుకలే వాటికి ఆధారము. మన పల్లెలలో మట్టిగోడ పెట్టినవారు ఈ పనిని సులభముగా గ్రహింపగలరు. ఏడంతస్తులు పెట్టుట మాత్రము మన మేస్త్రీలకు కొత్త. గోడ క్రింద దళసరిగా, పైకి పోనుపోను పలుచగా ఉండును. క్రింది అంతస్తులో ధాన్యము నిల్వచేయుదురు, మేకలను కట్టుదురు. పైన కుటుంబము నివసించును. మీది అంతస్తులకు సున్నము బాగుగా పట్టించి నీరు దిగకుండ చేయుదురు. ఇంటినుండి ఇంటికి పైననే ద్వారములుండును. క్రిందికి దిగకుండనే పొరుగింటికి పోవచ్చును. శత్రువులు ఊరు ముట్టడించిన కాలములో ఈ ద్వారములు ప్రాణము కాపాడెడివి. ఐక్యరాజ్య సమితికి చెందిన యునెస్కో సంస్థ 1982లో షిబామును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. 2008 అక్టోబరు వరద ఆ లోయను కొట్టెను. యెమెనులో అంతర్యుద్ధము రేగిన పిమ్మట, 2015లో, ఈ ఊరు ఆపదలోనున్న స్థలముల పట్టికలో చేర్చబడెను. మట్టిగోడను ఏటేట మెత్తి, పూత పూయకపోతే నిలువదు గదా. యుద్ధకాలములో పూత పూయువాడెవడు?

ఇట్టి ఊరు విడిచి జనులు ఏల బయలుదేరిరి? వానలు తప్పుట ఒక కారణము. సాగుభూమి తక్కువ, తెగలమధ్య పగలు ఎక్కువ. ఒక మనిషి చంపబడెనేని అతని బంధువులు తరతరములు పగ తీర్చుకొనుచు, పగటివేళ తమ పొలమునకు పోజాలక కందకములు త్రవ్వుకొని వాటిలో నడచిన ఊళ్లు ఉండెడివి. అందుచేత యౌవనస్థులు సముద్రపు గాలుల ననుసరించి ఓడలెక్కిరి. కొందరు జావాకు, సింగపూరుకు పోయి వర్తకులైరి. కొందరు తూర్పు ఆఫ్రికాకు పోయిరి. తుపాకి పట్టుట తప్ప వేరొక విద్య లేనివారు హైదరాబాదునకు వచ్చిరి. నిజాము కొలువులో అరబ్బు సిపాయికి మంచి పేరుండెను.

ఇక్కడ మన పల్లెల కథ వారి కథతో కలియుచున్నది. ఈ భాగమును మెత్తబరచి చెప్పుట మాకు ఇష్టము లేదు. 19వ శతాబ్దపు మొదటి సగములో హైదరాబాదు సర్కారు అప్పులలో మునిగియుండెను. సిపాయిలకు జీతమియ్య రూకలు లేవు. అరబ్బు జమాదారులు తమ మనుష్యులకు తామే జీతమిచ్చి, సర్కారుకు కూడ వడ్డీకి అప్పిచ్చి, దానికి బదులుగా తాలూకాల శిస్తును కుదువ పట్టిరి. అనగా, రైతు చెల్లించు శిస్తు సర్కారు ఖజానాకు పోక జమాదారు చేతికి పోయెడిది. బాకీ వసూలుకు ఆయుధములతో మనుష్యులు ఊరిలో దిగెడివారు. అరబ్బులు, రోహిలాలు అను రెండు పేర్లు వినిన చాలు, నాటి పల్లెలో తలుపులు మూయబడెడివి. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు ఆ కుదువలను ఒకటొకటిగా విడిపించి, అరబ్బుల దావాలను న్యాయస్థానములకు త్రిప్పి, వారి బలమును తగ్గించెను.

ఆ జమాదారులలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖయీతీ ముఖ్యుడు. అతనిది షిబాము ప్రాంతము. హైదరాబాదులో ఆర్జించిన ధనముతో, తన కుమారుల ద్వారా, 1858లో షిబామును పట్టుకొనెను. అతని ప్రత్యర్థియైన కథీరీ వంశస్థుడు గాలిబ్ బిన్ మొహసిన్ కూడ హైదరాబాదు జమాదారే! అతడు అంతకుముందే 1840ల దశకములో అదే లోయలో తరీము, సేయూను పట్టణములను ఆక్రమించియుండెను. ఒకే నిజాము జీతము తినిన ఇద్దరు సముద్రమునకు ఆవల ఒకరితోనొకరు యుద్ధము చేసిరి. ఖయీతీలు 1881లో ముకల్లా రేవును కూడ గెలిచి సుల్తానులైరి. ముకల్లాలోని వారి మహలులో నేటికిని భారతీయ శిల్పచ్ఛాయలు కనబడును.

ఆ డబ్బు ఎచ్చటిదో ఒక్కసారి తలపోయుడి. దక్కనులోని రైతు జొన్నచేను శిస్తు జమాదారు పెట్టెలో పడి, ఓడెక్కి, హద్రమౌత్ లోయలో కోటలను గెలిచెను. మన తాతలు ఆ ఊరి పేరు వినియుండరు. ఆ ఊరివారు మన తాతల పేర్లు వినియుండరు. చరిత్ర పుస్తకములు సుల్తానుల పేర్లనే వ్రాయును గాని, ఆ శిస్తు చెల్లించినవాని పేరు ఎక్కడను కనబడదు.

సాలార్‌జంగు తరువాత అరబ్బులు క్రమముగా సర్కారు సైన్యములో జీతగాండ్రుగా కుదిరిరి. నగరమునకు దక్షిణమున మైసారం అనబడిన చోట వారి పల్టనుకు నివాసములు కట్టబడెను. సిపాయిల నివాసములను ఆంగ్లములో బారక్స్ అందురు. జనుల నోట అది బార్కస్ ఆయెను. అక్కడివారిని నగరములో చావుష్ అని పిలుతురు. ఇది అరబ్బీ మాట కాదు, తురుష్క భాషలోనిది. ఆ సైన్యములలో చిన్న అధికారికి పేరు. అరబ్బు దేశమునుండి వచ్చినవారికి తురుష్కుల మాట, ఆంగ్లేయుల మాట తెలుగు గడ్డమీద అంటుకొనెను. వారి కాపురము ఎటువంటి కలగలుపో దీనివలననే తెలియుచున్నది.

1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సైన్యము లొంగిపోయెను. ఒక వారములోపల జీతము, తుపాకి, ఉద్యోగము మూడును పోయెను. విదేశీయులను పేరున అరబ్బులలో అనేకులను నిర్బంధించి, వేలకొలది మందిని సముద్రము దాటించిరి. కాని మూడు తరములుగా ఇక్కడనే పుట్టి, ఇక్కడి స్త్రీలను వివాహమాడి, ఉర్దూ తప్ప వేరొక భాష ఇంటిలో మాటలాడనివానికి స్వదేశమేది? ఈ ప్రశ్న నాటి అధికారులను చాల చిక్కుపరచెను. హద్రమౌత్‌లో అప్పటికే కరవు. రెండవ ప్రపంచ యుద్ధములో జావానుండి డబ్బు రాక 1943–44లో ఆకలిచావులు కలిగినవి. ఇప్పుడు హైదరాబాదునుండి వచ్చు ఆధారమును తెగిపోయెను. అంతలో 1948–49లో మరల కరవు వచ్చెను. అట్టి చోటికి తిరిగి పంపబడినవారి గతి ఊహింపుడి. కడకు చాలమంది ఇక్కడనే నిలిచి భారత పౌరులైరి. ఇంకొక వింత: ఖయీతీ సుల్తానుల రాజ్యము 1967లో కూలెను, ఆ దినమును సెప్టెంబరు 17వ తేదీయే. సరిగా పందొమ్మిది ఏండ్ల తేడా.

మిగిలినవారు ఏమి చేసిరి? పలువురు తోటలు పెట్టిరి. బార్కస్ జామ హైదరాబాదులో పేరు పొందిన పండు. సీతాఫలములను కూడ పెంచిరి. యిర్మీయా 29వ అధ్యాయములో ప్రవక్త బబులోనునకు చెరపట్టబడినవారికి వ్రాసిన ఉత్తరము మనకు జ్ఞాపకము వచ్చుచున్నది. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటి వాటి ఫలములు తినుడి, మీరున్న పట్టణము క్షేమము కోరుడి అని దాని తాత్పర్యము. ఆ ఉత్తరము బార్కస్‌వారికి ఎవరు చదివి వినిపించిరో లేదో గాని, పని మాత్రము అదే జరిగెను. ఒక కాలమున మన తలుపులు మూయించిన మనుష్యుల మనుమలు తట్టలలో జామపండ్లు పెట్టుకొని అమ్మిరి. సేద్యము తెలిసిన మన చదువరులకు ఈ మార్పు ఎంత కష్టమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. తుపాకి ఒక దినములో నేర్వవచ్చును, చెట్టు కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును.

వారు నిలుపుకొనిన ఆచారములు కొన్ని చెప్పెదము. పురుషులు లుంగీ కట్టుట మానలేదు. హద్రమౌత్‌లోను అట్టి వస్త్రమే కట్టుదురు. పేర్లలో తండ్రి పేరు చెప్పుటకు "బిన్" అను మాట, వంశము పేరునకు ముందు "బా" అను అక్షరము నేటికిని కనబడును. తమ వంశావళి జ్ఞాపకముంచుకొనుట వారికి గౌరవము. హద్రమౌత్ తెగలలో అనేకము తమ మూలపురుషుడు ఖహ్తాను అని చెప్పుకొనును. ఆ ఖహ్తానే ఆదికాండములోని యొక్తాను అని అరబ్బు వంశచరిత్రకారులు పలువురు వ్రాసిరి. మన ఇండ్లలో పిల్లవాడు తడబడు ఆ పేర్ల పట్టికను పొరుగు బస్తీవారు ఇంటి సంగతిగా చెప్పుకొందురన్నమాట. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయములో పెంతెకొస్తు దినమున తమ తమ భాషలలో వినినవారి పట్టికను కూడ ఒకసారి తీసి చూడుడి. అందు కట్టకడపటి పేరు అరబీయులదే.

పెండ్లిండ్లలో వారు వాయించు డోళ్ల మేళమునకు మర్ఫా అని పేరు. ఆఫ్రికానుండి నిజాము కొలువునకు వచ్చిన సిద్దీలును, ఈ అరబ్బులును కలిసి దానిని నగరములో వ్యాపింపజేసిరి. నేడు మన ఊరేగింపులలో మ్రోగు తీన్‌మార్ దరువు దానినుండియే పుట్టినదని పలువురు చెప్పుదురు. భోజన సంగతి మరియు దగ్గరిది. రంజాను మాసములో హైదరాబాదు నిండ అమ్ము హలీము ఈ అరబ్బులు తెచ్చిన హరీసునుండి పెరిగినది. దీనికి 2010లో ప్రభుత్వము భౌగోళిక గుర్తింపు ఇచ్చెను. మండీ అను మాంసాన్నము కూడ హద్రమౌత్‌దే. గోతిలో నిప్పు వేసి, అన్నముమీద మాంసము మగ్గబెట్టుట అసలు పద్ధతి. బార్కస్‌లో మొదలై, అది ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రముల చిన్న పట్టణములకు కూడ ప్రాకినది. మండల కేంద్రములో మండీ బోర్డు క్రింద పెద్ద పళ్లెము చుట్టు కూర్చుండు మన యువకులలో అది ఆదికాండము పదవ అధ్యాయపు వంట అని ఎరిగినవారు ఎందరు?

పోయినవి కూడ ఉన్నవి. ఇంటిలో అరబ్బీ చాలవరకు పోయి, దక్కనీ ఉర్దూ మిగిలెను. అరబ్బీని ఇప్పుడు మదరసాలోనో, గల్ఫు దేశమునకు కూలికి పోయినప్పుడో నేర్చుకొనవలసియున్నది. 1970ల తరువాత గల్ఫు ప్రయాణములు పెరిగి, ఇండ్లలోనికి ధనము వచ్చెను. తాతలు ఎట్లు సముద్రము దాటి ఇటు వచ్చిరో మనుమలు అట్లే దాటి అటు పోయిరి. గల్ఫుకు పిల్లలను పంపుకొనిన మన పల్లెల తల్లులకు ఈ ఎదురుచూపు క్రొత్త కాదు. ఆ డబ్బుతోను, పట్నపు విస్తరణతోను జామతోటలు చాలవరకు ప్లాట్లయినవి. జల్‌పల్లి కూడ అట్లే మారినది: చెరువు, పొలములు గల పల్లె 2016లో పురపాలక సంఘమాయెను, చెరువు చుట్టు ఇండ్లు క్రిక్కిరిసెను. మా మట్టుకు, హలీమునకు వచ్చిన గుర్తింపుకంటె తోటలు పోయిన నష్టమే పెద్దదని తోచును. వంట ఎక్కడనైనను వండవచ్చును. ఆ మట్టిలోని తీపి వేరొకచోట దొరుకదు.

హరీసు మాత్రము నిలిచియున్నది. గోధుమలను, మాంసమును రాత్రియంతయు పెద్ద దేగిసాలో ఉడికించి, కట్టెతో మెదిపి, ముద్దగా చేసి, ప్రొద్దుటనే ఫలహారముగా అమ్ముదురు. ఉప్పుది ఒకటి, నేయి చక్కెర వేసిన తీపిది ఒకటి. వేకువ బస్సుకు పట్నము చేరువారు బార్కస్‌లో దిగినచో రెండును వేడిగా దొరకును.